ఎక్కువ కాలం మన్నే గేమింగ్ హెడ్‌సెట్ ఎలా ఎంచుకోవాలి?

నిశాచరి
కొన్న ప్రతి హెడ్‌సెట్ ఏడాది దాటీ దాటకముందే ఏదో ఒక రోగం తెచ్చుకుంటోంది. ఒకదానికి ప్యాడ్ల మీది రెగ్జిన్ పొలుసులుగా ఊడి, ఆట ముగిసేసరికి చెంపల నిండా నల్లటి తునకలు. ఇంకొకదానికి ఎడమ చెవిలో శబ్దం వస్తూ పోతూ చివరికి రావడమే మానేసింది. ఇప్పుడు వాడుతున్నదానికి హెడ్‌బ్యాండ్ చెవి కప్పును కలిసేచోట పగులు వచ్చింది, టేపు చుట్టి నెట్టుకొస్తున్నాను. నేను విసిరికొట్టే రకం కాదు. ఓడిపోయినా సరే, మర్యాదగా బల్ల మీదే పెడతాను.

ఆడేవి ఎక్కువగా షూటింగ్ ఆటలు, రోజూ మూడు నాలుగు గంటలు, జట్టుతో మాట్లాడుతూ. కంప్యూటర్‌కూ కన్సోల్‌కూ రెండిటికీ పనికిరావాలి. ధర కాస్త ఎక్కువైనా సరే, కొన్నేళ్ళపాటు దాని గురించి ఆలోచించే పని ఉండకూడదు. సైనిక స్థాయి దృఢత్వం అని డబ్బా మీద రాసినవి నమ్మవచ్చా?

శబ్దవేధి
డబ్బా మీద రాసిన దృఢత్వం డబ్బాకే వర్తిస్తుంది. నా దగ్గర అలాంటి డబ్బా ఒకటి ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. అందులో వచ్చిన హెడ్‌సెట్ ఎప్పుడో పోయింది.

టంకం_తాత
ఆడియో సామాను బాగుచేయడం నా పని కాబట్టి కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

నా బల్ల మీదికి వచ్చే హెడ్‌సెట్లలో స్పీకర్ చచ్చినవి చాలా అరుదు. శబ్దం పుట్టించే ఆ బిళ్ళ ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. దాని చుట్టూ ఉన్న చవక భాగాలే ముందు ప్రాణాలు వదులుతాయి. ప్యాడ్లు, తీగ ప్లగ్గులోకి దూరే మెడ, కప్పు తిరిగే కీలు, మైక్ కాడ మొదలు. నిశాచరి గారు చెప్పిన మూడూ అవే. కాబట్టి ఏది విరగదు అని వెతకకండి, అన్నీ విరుగుతాయి. విరిగిన ఆ ఒక్క భాగాన్నీ మార్చుకోగలమా అని చూడండి. కొనేముందు మోడల్ పేరుకు ప్యాడ్లు అని ఒకసారి, కేబుల్ అని ఇంకోసారి చేర్చి వెతకండి. విడిగా అమ్మేవారు నలుగురు కనిపిస్తే దానికి ఆయుష్షు ఉన్నట్టే. ఒక్కరూ కనిపించకపోతే, ఉక్కుతో పోత పోసినా సరే వద్దు.

చేతిలోకి తీసుకుని చూసే వీలుంటే హెడ్‌బ్యాండ్ చివర్లు చూడండి. చాలావాటిలో పైన లోహం మెరుస్తుంటుంది, కానీ అది సైజు సర్దే జారుడు పట్టీ దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి కప్పును పట్టుకునే కొమ్మ మొత్తం సన్నటి ప్లాస్టిక్. పెట్టుకునేటప్పుడు, తీసేటప్పుడు విడదీసే బలమంతా సరిగ్గా అక్కడే పడుతుంది. మీ పగులు అక్కడే వచ్చి ఉంటుందని పందెం కాస్తాను. స్క్రూలు కనబడుతున్నాయా అన్నది కూడా చూడండి. జిగురుతో అతికించి మూసినదాన్ని తెరవడం సులువే, మళ్ళీ మూయడమే కష్టం.

నిశాచరి
పందెం మీరే గెలిచారు. జారుడు పట్టీకి సరిగ్గా కిందే.

చక్రపాణి_22
ఒక హెడ్‌సెట్ కోసం ఇంత పరిశోధనా? చవకది కొనడం, పోగానే ఇంకోటి కొనడం. నేను చేస్తున్నది అదే, హాయిగా ఉంది.

పాతబంగారం
చవకది ఎప్పుడూ తీరిక రోజున పోదు చక్రపాణి గారూ. ఆఖరి రౌండులో, శత్రువు మెట్లెక్కుతున్న సమయంలోనే పోతుంది. పైగా ఏటా ఒకటి చొప్పున లెక్కేస్తే నాలుగేళ్ళ ఖర్చుతో ఒక మంచిది వచ్చేది. అన్నేళ్ళూ మంచి శబ్దం విన్నట్టూ ఉండేది. పారేసిన ప్లాస్టిక్ సంగతి సరే సరి.

చక్రపాణి_22
మంచిదని కొన్నది కూడా ఏడాదికే పోతోందనే కదా ఆయన గోల?

పాతబంగారం
ఖరీదైనదాన్ని కొన్నారు. మంచిదాన్ని కొన్నారో లేదో తెలియదు. లైట్లు వెలగడానికీ, కప్పుల మీద రెక్కలు చెక్కడానికీ అయిన ఖర్చు కూడా ఆ ధరలోనే ఉంటుంది.

తీగలేనివాడు
తాతగారి లెక్కలో సగం జబ్బులు తీగవే. మరి తీగే లేకుండా చేస్తే సరిపోదా? డాంగిల్‌తో, అంటే కంప్యూటర్‌కు గుచ్చే చిన్న రిసీవర్‌తో, వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్‌కు మారాక, కుర్చీ చక్రం కింద తీగ నలగడం, మరిచిపోయి లేచి నిలబడితే జాక్‌తో సహా కంప్యూటర్ కదలడం, అన్నీ పోయాయి. శబ్దం ఆలస్యం కూడా నాకు తెలియడం లేదు.

పాతబంగారం
బ్యాటరీ పోయాక?

తీగలేనివాడు
ఇంకా పోలేదండి.

పాతబంగారం
పోయిన రోజున ఇక్కడికే రండి, కుర్చీ వేసి ఉంచుతాం.

టంకం_తాత
ఈ విషయంలో తీగలేనివాడి పక్షమే సగం నిజం. లిథియం బ్యాటరీ 300 నుంచి 500 పూర్తి ఛార్జింగుల తర్వాత చెప్పుకోదగ్గంత నీరసపడుతుంది అనేది మామూలు లెక్క. ఒకసారి ఛార్జి చేస్తే 20 గంటలు నడిచే హెడ్‌సెట్‌ను రోజూ నాలుగు గంటలు వాడితే ఏడాదికి 73 పూర్తి ఛార్జింగులే. అంటే వాడకం వల్ల అరగడానికి నాలుగేళ్ళకు పైనే పడుతుంది. దానికంటే ముందు వేడి చంపుతుంది. కిటికీ దగ్గర ఎండలో, ఆగిన కారులో పెట్టడం, నెలల తరబడి పూర్తిగా ఖాళీగా వదిలేయడం, ఇవే పెద్ద శత్రువులు. కొన్ని నెలలు వాడరనుకుంటే సగం ఛార్జితో చల్లటి చోట పెట్టండి.

వైర్‌లెస్ వాటిలో నేను ఎక్కువగా చూసేది ఛార్జింగ్ రంధ్రం వదులై ఊగడం. పాత మైక్రో యూఎస్‌బీ రకమైతే తలకిందులుగా దూర్చి లోపలి నాలుకను విరగ్గొట్టేవారు. ఇప్పుడు టైప్ సి రావడంతో ఆ బాధ తగ్గింది. ఛార్జింగులో ఉండగా ఆడకండి, తల తిప్పిన ప్రతిసారీ బరువంతా ఆ రంధ్రం మీదే పడుతుంది.

శబ్దవేధి
ఇంకొకటి మరిచారు. డాంగిల్ పోవడం.

టంకం_తాత
అవును, అది పెద్దదే. చాలా హెడ్‌సెట్లు తమ డాంగిల్‌తో తప్ప ఇంకొకదానితో కలవవు. డాంగిల్ పోగొట్టుకుంటే, తయారీదారు అది ఒక్కటే విడిగా అమ్ముతున్నాడా అన్నదాని మీద మీ హెడ్‌సెట్ బతుకు ఆధారపడుతుంది. కొనేముందు అదీ చూసుకోండి.

మౌనమైక్
డాంగిల్ పోతే బ్లూటూత్‌లో వాడుకోవచ్చు కదా?

ప్రసారిణి
సినిమా చూడటానికైతే సరే. ఆటలో మైక్ తెరిచిన మరుక్షణం మామూలు బ్లూటూత్ రెండు వైపులా మాట నడిపే పద్ధతికి మారుతుంది. శబ్దం ఒక్కసారిగా పాత ఫోన్ మాటలా పలచబడిపోతుంది. ఎడమ కుడి తేడా కూడా పోతుంది. అడుగుల చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో తెలియాల్సిన ఆటలో అది పనికిరాదు. పైగా ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్ళు నేరుగా బ్లూటూత్ హెడ్‌సెట్లను ఒప్పుకోవు. నింటెండో స్విచ్ 2021లో బ్లూటూత్ శబ్దాన్ని చేర్చింది గాని, మైక్‌కు మాత్రం తలుపు తెరవలేదు.

నిశాచరి గారూ, మీరు కంప్యూటర్, కన్సోల్ రెండూ అన్నారు కాబట్టి, 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉన్న తీగ హెడ్‌సెట్ అయితే దేనికీ అనుమతి అడగక్కర్లేదు. కన్సోల్ కంట్రోలర్ కిందే రంధ్రం ఉంటుంది. కొత్త కన్సోల్ కొన్నా అదే హెడ్‌సెట్ నడుస్తుంది. మన్నిక లెక్కలో నేను దీన్ని కూడా వేస్తాను.

నిశాచరి
ఇది ఆలోచించలేదు. అయితే తీగదే అనుకుందాం. మరి తీగ తెగే సంగతి?

ప్రసారిణి
తీగ ఊడదీసి మార్చుకునేది తీసుకోండి. కప్పు దగ్గర 3.5 మిల్లీమీటర్ల మామూలు రంధ్రం ఉంటే మరీ మంచిది, తీగ ఎక్కడైనా దొరుకుతుంది. 2.5 మిల్లీమీటర్ల పిన్ సన్నగా ఉంటుంది, విరిగితే ముక్క లోపలే ఇరుక్కుంటుంది. కొందరు రంధ్రం చుట్టూ లోతైన గాడి చెక్కి తమ తీగ తప్ప ఇంకొకటి దూరకుండా చేస్తారు. అలాంటివి దూరం పెట్టండి.

హైపర్‌ఎక్స్ క్లౌడ్ వరసలో ఈ తేడా తేలిగ్గా కనిపిస్తుంది. క్లౌడ్ 2లో అల్యూమినియం చట్రం ఉంది, మైక్ ఊడుతుంది, కానీ తీగ శాశ్వతం. 2017లో వచ్చిన క్లౌడ్ ఆల్ఫాలో తీగ కూడా ఊడుతుంది. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, మన్నిక విషయంలో నేను రెండోదాన్నే కొంటాను.

పాతబంగారం
ఇంకా ఒక మెట్టు పైకి వెళ్ళవచ్చు. అసలు గేమింగ్ హెడ్‌సెట్ అనే పేరున్నదే వద్దు. స్టూడియో హెడ్‌ఫోన్ ఒకటి, మైక్ విడిగా ఒకటి.

సెన్‌హైజర్ హెచ్‌డీ 25 వచ్చింది 1988లో. హెచ్‌డీ 600 వచ్చింది 1997లో. ఈ రెండిటికీ ప్యాడ్లు, తీగ, హెడ్‌బ్యాండ్ మెత్త మొదలు స్పీకర్ దాకా విడి భాగాలు దొరుకుతాయి, చాలావరకు పనిముట్లు లేకుండానే చేత్తో విప్పవచ్చు. గేమింగ్ కంపెనీలు రెండేళ్ళకొకసారి మోడల్ మార్చేస్తాయి, పాతదాని ప్యాడ్లు అడిగితే మొహం చాటేస్తాయి. దశాబ్దాలపాటు ఒకే మోడల్ అమ్ముతున్నవాడికి విడి భాగాలు చేయక తప్పదు.

శబ్దవేధి
హెచ్‌డీ 600 వెనక వైపు తెరిచి ఉంటుంది. గదిలో పడుకున్నవాళ్ళు మీ ఆటంతా వింటారు. ఫ్యాను చప్పుడు మీరు వింటారు. 300 ఓమ్‌ల నిరోధం కూడా, నడపడానికి ఎక్కువ బలం కావాలి, కంట్రోలర్ జాక్‌కు పెడితే గుసగుసలాడుతుంది.

పాతబంగారం
అందుకే మూసి ఉన్నవి ఉన్నాయి. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రోను 32, 80, 250 ఓమ్‌ల రకాల్లో అమ్ముతారు. కన్సోల్‌కు 32 తీసుకుంటే చాలు. మఖమల్ ప్యాడ్లు, చేత్తో ఊడదీసి కొత్తవి పెట్టుకోవచ్చు, హెడ్‌బ్యాండ్ ఉక్కు రేకు.

ప్రసారిణి
కానీ ఆ మామూలు 770కి తీగ ఊడదు! విడి భాగాల పాఠం చెబుతూ తీగ అతికించిన దాన్ని సిఫారసు చేస్తే ఎలా?

పాతబంగారం
తీగ లావుగా, గట్టిగా ఉంటుందండి. స్టూడియోల్లో సోనీ ఎండీఆర్ 7506 అని 1991 నుంచి వాడుతున్నారు, దానికీ తీగ ఊడదు. చుట్టలు చుట్టిన స్ప్రింగు తీగ కాబట్టి లాగితే సాగుతుంది, ప్లగ్గు మీద బలం పడదు.

టంకం_తాత
ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అతికించిన తీగ గట్టిదైతే చాలా కాలం వస్తుంది, తెగితే మాత్రం నాలాంటివాడు కావాలి. ఊడే తీగ తెగితే ఎవరైనా మార్చుకుంటారు, కానీ ఆ రంధ్రం తానే ఇంకో బలహీన స్థానం. రోజూ ఊడదీసి పెట్టకండి. ఊడే వీలు ఉందని ఊడదీస్తూ ఆడుకునేవాళ్ళను చూశాను.

మౌనమైక్
స్టూడియో హెడ్‌ఫోన్ కొంటే మైక్ సంగతి ఏమిటి? కన్సోల్‌లో విడి మైక్ ఎక్కడ గుచ్చాలి?

ప్రసారిణి
కప్పుకు అతికించుకునే కాడ మైక్‌లు ఉన్నాయి, ఆంట్‌లయన్ మాడ్‌మైక్ వంటివి. కప్పు మీద అయస్కాంతపు బిళ్ళ అంటించి మైక్‌ను దానికి తగిలిస్తారు. 3.5 జాక్‌తో వచ్చే రకమైతే, హెడ్‌ఫోన్ ప్లగ్గునూ మైక్ ప్లగ్గునూ కలిపి నాలుగు పట్టీల ప్లగ్గుగా మార్చే చిన్న రెండు పాయల తీగ దొరుకుతుంది, కంట్రోలర్‌లో దాన్ని గుచ్చడమే. నాలుగు పట్టీల ప్లగ్గులో రెండు రకాల అమరిక ఉంది, సీటీఐఏ, ఓఎమ్‌టీపీ. మైక్, గ్రౌండ్ తావులు తారుమారై ఉంటాయి. ఇప్పటి ఫోన్లు, కంట్రోలర్లు సీటీఐఏ. పాత తీగ ఏదైనా పెట్టినప్పుడు గొంతు వెళ్ళకపోతే, పాటల్లో గాయకుడి గొంతు వింతగా వెనక్కి పోతే, మైక్ చెడిపోయిందని పారేయకండి. ముందు ఈ అమరిక అనుమానించండి.

చక్రపాణి_22
హెడ్‌ఫోన్, మైక్, అయస్కాంతం, రెండు పాయల తీగ. ఆట మొదలయ్యేసరికి తెల్లవారుతుంది.

శబ్దవేధి
ఈసారి చక్రపాణి గారితో ఏకీభవిస్తున్నాను. బల్ల దగ్గరే కూర్చునేవారికి అది బాగుంటుంది. సోఫాలో పడుకుని కంట్రోలర్ పట్టుకునేవాడికి ఒక తీగ చాలు, రెండు తీగలు ఉరితాళ్ళు.

కళ్ళజోడు
మన్నిక అంటున్నారు గాని, పెట్టుకోగలగాలి కదా ముందు. నాకు కళ్ళజోడు ఉంది. బిగుతైన హెడ్‌సెట్ పెడితే కాడలు కణతల్లో గుచ్చుకుంటాయి. దాంతో హెడ్‌బ్యాండ్‌ను రోజూ బలంగా విడదీసి వదులు చేసేవాడిని, విరగడానికి అదే కారణం అనుకుంటాను. ఇప్పుడు మందపాటి మెత్తటి గుడ్డ ప్యాడ్లు వేయించాక విడదీసే అవసరమే రాలేదు.

టంకం_తాత
బాగా చెప్పారు. కొత్తది బిగుతుగా ఉంటే చేతులతో లాగవద్దు. కప్పుల మధ్య మీ తల వెడల్పుకు కాస్త ఎక్కువగా పుస్తకాలు పేర్చి, ఒకట్రెండు రాత్రులు ఉంచండి. లోహపు పట్టీ అయితే మెల్లగా సర్దుకుంటుంది. ప్లాస్టిక్ బ్యాండ్‌కు అదీ వద్దు.

తీసేటప్పుడు రెండు చేతులతో తీయండి. ఒక కప్పు పట్టుకుని పక్కకు లాగి తీసేవారి హెడ్‌సెట్లన్నీ ఒకే వైపు విరుగుతాయి, కుడిచేతి వాటం వాళ్ళవి కుడి వైపు. మెడలో వేలాడేసుకుని తిరగడం కూడా అంతే, కీళ్ళు వాటి హద్దు దాటి తెరుచుకుని ఉంటాయి.

సగంచెవి
నా పేరే నా సమస్య. కుడి వైపు శబ్దం రావడం లేదు. కొత్తది కొనాలా, బాగుచేయవచ్చా, ఎలా తెలుసుకోవాలి?

టంకం_తాత
ముందు ఫోన్‌కు గానీ ఇంకో కంప్యూటర్‌కు గానీ పెట్టి చూడండి. అక్కడ రెండు వైపులా వస్తే తప్పు మీ కంప్యూటర్ జాక్‌ది, లేదా శబ్దం సెట్టింగుల్లో ఎడమ కుడి సమతూకం ఎవరో జరిపారు. అక్కడా రాకపోతే పాట పెట్టి, ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి తీగను కొంచెం కొంచెంగా వంచుతూ కప్పుదాకా వెళ్ళండి. ఎక్కడో ఒకచోట శబ్దం చిటపటలాడుతూ తిరిగి వస్తుంది. తెగినది అక్కడే. పదిలో తొమ్మిది కేసులు ప్లగ్గు మెడ దగ్గరే. శబ్దం అదుపు చేసే చిన్న పెట్టె తీగ మధ్యలో ఉంటే దాని రెండు కొసలూ చూడండి.

ఎక్కడ వంచినా రాకపోతే, తీగ ఒక వైపు కప్పులోకే వెళ్ళే రకమైతే, ఎడమ నుంచి కుడికి హెడ్‌బ్యాండ్ లోపలి గుండా పోయే సన్న తీగ అనుమానించాలి. సైజు సర్దుతూ సర్దుతూ అది తెగుతుంది. జారుడు పట్టీని మెల్లగా పైకీ కిందికీ జరిపి చూడండి.

సగంచెవి
ప్లగ్గు దగ్గరే! వంచితే వస్తోంది. అక్కడ కత్తిరించి కొత్త ప్లగ్గు వేయడం నేనే చేయవచ్చా? టంకం కాస్త వచ్చు.

టంకం_తాత
చేయవచ్చు, కానీ ఒక చిక్కు ఉంది. లోపల కనిపించే రంగురంగుల సన్న తీగలకు ఆ రంగు ఒక లక్క పూత. మీరు మెలితిప్పి కలిపితే శబ్దం రాదు, టంకం కూడా అంటదు. కొసను వేడి టంకంలో కాసేపు ముంచి ఉంచితే పూత కాలిపోయి కొస వెండిలా మెరుస్తుంది. అప్పుడే పని మొదలైనట్టు. తీగల మధ్యలో నూలు పోగులు ఉంటే వాటిని కత్తిరించేయండి. మామూలుగా ఎరుపు కుడి వైపుది, ఆకుపచ్చ లేదా నీలం ఎడమ వైపుది, పూత లేని రాగి గ్రౌండ్. అయినా తయారీదారు ఇష్టం కాబట్టి మల్టీమీటర్‌తో సరిచూసుకోండి. ప్లగ్గు తొడుగును తీగకు ముందే ఎక్కించండి. అన్నీ అతికాక తొడుగు బల్ల మీద కనిపిస్తే వచ్చే దుఃఖం వర్ణించలేను.

శబ్దవేధి
ఆ చివరి వాక్యం అనుభవం మీద రాసినట్టు ఉంది.

టంకం_తాత
ఈ పని చేసే అందరి అనుభవమూ అదే.

అపరిచిత_ధ్వని
నాది వేరే రకం. శబ్దం వస్తోంది, కానీ పేలుళ్ళు, బరువైన సంగీతం వచ్చినప్పుడు ఎడమ చెవిలో గరగరమంటోంది. స్పీకర్ చిరిగినట్టేనా?

టంకం_తాత
అంత తొందర వద్దు. ప్యాడ్ ఊడదీసి, లోపలి పలచటి గుడ్డ కింద వెలుతురులో చూడండి. వెంట్రుక ఒకటి స్పీకర్ పొరకు తగులుతూ ఉంటే సరిగ్గా అలాగే గరగరమంటుంది. మెత్తటి కుంచెతో గానీ పట్టకారుతో గానీ అతి జాగ్రత్తగా తీయండి, పొరను తాకవద్దు. గాలి ఊదే డబ్బా దగ్గరగా పెట్టి కొట్టకండి, పొర లోపలికి నొక్కుకుపోతుంది.

అపరిచిత_ధ్వని
వెంట్రుకే. నాది కాదు, తెల్లగా ఉంది. పిల్లిది.

శబ్దవేధి
నిందితురాలిని ప్రశ్నించారా?

అపరిచిత_ధ్వని
హెడ్‌సెట్ మీదే నిద్రపోతోంది. లేపే ధైర్యం లేదు.

మౌనమైక్
ప్యాడ్లు శుభ్రం చేయడానికి నేను చేతులకు రాసుకునే శానిటైజర్ వాడుతున్నాను. చెమట వాసన వెంటనే పోతుంది. ఎవరైనా ప్రయత్నించారా?

టంకం_తాత
వద్దు. నిశాచరి గారి చెంపల మీద నల్ల తునకలు గుర్తున్నాయి కదా. ప్యాడ్ల మీద ఉండేది నిజమైన తోలు కాదు, గుడ్డ మీద పాలీయురెథేన్ పూత. గాలిలోని తేమ, చెమట, వేడి కలిసి ఆ పూతను మెల్లగా విడగొడతాయి, ముందు జిగటగా మారి తర్వాత పొలుసులు లేస్తుంది. ఆల్కహాల్ ఆ పనిని వేగం చేస్తుంది. ప్లాస్టిక్ కప్పుల మీద కొద్దిగా వాడితే ఫరవాలేదు, ప్యాడ్ల జోలికి రానీయవద్దు. ఆట అయ్యాక పొడి గుడ్డతో ఒక తుడుపు, వారానికోసారి నీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఇంకో తుడుపు, ఆరనివ్వడం. అంతే. తలకు నూనె రాసుకుని పెట్టుకునేవారు పైన హెడ్‌బ్యాండ్‌కు ఊడదీసి ఉతికే గుడ్డ తొడుగు వేసుకోండి.

కళ్ళజోడు
నేను ఊడుతాయని ముందే తెలిసి అదే మోడల్ ప్యాడ్లు ఇంకో రెండు జతలు కొని అరలో దాచుకున్నాను. తెలివైన పనే కదా?

టంకం_తాత
రెగ్జిన్ రకమైతే అంత లాభం లేదు. ఆ పూత సంచిలో ఉన్నా ముసలిదవుతుంది, వాడకపోయినా ఊడవచ్చు. అవసరమైనప్పుడు కొనడమే మేలు. గుడ్డ లేదా మఖమల్ రకమైతే దాచుకోండి.

ప్రసారిణి
మఖమల్‌కు మారేవారికి ఒక హెచ్చరిక: శబ్దం మారుతుంది. గాలి లీకవుతుంది కాబట్టి బరువైన శబ్దాలు తగ్గుతాయి, బయటి చప్పుడు పెరుగుతుంది. నాకు అడుగుల చప్పుడు ఇంకా స్పష్టంగా వినిపించినట్టు అనిపించింది, పేలుళ్ళలో మాత్రం పస తగ్గింది. ప్యాడ్ మందం మారినా అంతే.

చక్రపాణి_22
సరే, ఓడిపోయాననుకోండి. వైర్‌లెస్‌లో బ్యాటరీ పోయినా మార్చుకోగలిగేది ఏదైనా ఉందా? తీగ నాకు పడదు.

తీగలేనివాడు
స్టీల్‌సిరీస్ ఆర్క్‌టిస్ నోవా ప్రో వైర్‌లెస్‌లో రెండు బ్యాటరీలు ఇస్తారు. ఒకటి వాడుతుంటే ఇంకొకటి బల్ల మీది పెట్టెలో ఛార్జి అవుతుంది, మార్చడం చేత్తోనే. ఐరోపా సమాఖ్య బ్యాటరీ నిబంధన ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే చిన్న పరికరాల్లో బ్యాటరీని వాడేవాడే తీసి మార్చుకునేలా ఉండాలి, కొన్ని మినహాయింపులతో. అక్కడే 2024 డిసెంబరు 28 నుంచి కొత్త హెడ్‌సెట్లకు కూడా టైప్ సి తప్పనిసరి అయింది. ఒక మార్కెట్ కోసం వేరే అచ్చు పోయడం కంపెనీలకు దండగ కాబట్టి, ఆ మార్పు మిగతావారికీ వస్తుందని నా ఆశ. తొందర లేనివారు ఆగవచ్చు.

టంకం_తాత
ఇప్పుడున్నవాటిలో కూడా చాలామటుకు బ్యాటరీ చిన్న ప్లగ్గుతో గానీ రెండు మూడు తీగల టంకంతో గానీ ఉంటుంది. మూడు తీగలు ఉంటే మూడోది ఎక్కువగా వేడి కొలిచేది, దాన్ని వదిలేసి రెండే కలపవద్దు. వోల్టేజీ అదే ఉండాలి, కొలతలు లోపల పట్టాలి, ప్లస్ మైనస్ తారుమారు కాకూడదు. ఉబ్బిన బ్యాటరీని గుచ్చి తీయడానికి ప్రయత్నించకండి. ఉబ్బినట్టు అనుమానం వచ్చినా ఛార్జింగ్ ఆపేయండి.

వారంటీ_వాణి
ఇందరు విప్పమంటున్నారు, వారంటీ ఉండగా స్క్రూ తిప్పవద్దని ఒక్కరూ చెప్పలేదు. మొదటి రోజునే బిల్లు ఫోటో, సీరియల్ నంబరు ఫోటో తీసి మీకు మీరే మెయిల్ పంపుకోండి. వేడికి బిల్లు కాగితం మీది అక్షరాలు మాయమవుతాయి. ప్యాడ్లు అరిగిన భాగం కింద లెక్కేసి చాలా కంపెనీలు ఒప్పుకోవు. తీగ, కీలు, మైక్ మాత్రం గట్టిగా అడగండి.

టంకం_తాత
నిజం. వారంటీ ఉన్నంతకాలం నా దగ్గరకు రావద్దు. వచ్చేవారికి నేనూ అదే చెప్పి పంపేస్తాను.

నిశాచరి
అందరికీ కృతజ్ఞతలు. తీగది, 3.5 జాక్, తీగా మైకూ ఊడేది, ప్యాడ్లు విడిగా దొరికేది అని వడగడితే రెండు మూడు మిగిలాయి. స్టూడియో హెడ్‌ఫోన్ ఆలోచన బాగుంది గాని నేను సోఫా జాతి. రాగానే గోడకు కొక్కెం కొట్టి తగిలిస్తాను, కుర్చీ చేతి మీద పెట్టను.

కొత్తది వచ్చేదాకా ఈ పగిలినదాన్ని నడిపించాలి. టేపు జారిపోతోంది. సూపర్ గ్లూ పెట్టవచ్చా?

టంకం_తాత
సూపర్ గ్లూ గట్టిపడితే గాజులా పెళుసు, వంగే చోట నిలవదు. దాని ఆవిరికి చుట్టూ తెల్లటి మచ్చలు కూడా వస్తాయి. రెండు గొట్టాలు కలిపి వాడే ఎపాక్సీ తీసుకోండి. పగులు రెండు వైపులా గరుకు కాగితంతో రుద్ది, సన్నటి లోహపు రేకు ముక్క ఒకటి అడ్డంగా పెట్టి, దాని మీద ఎపాక్సీ, పైన ప్లాస్టిక్ కట్టు టై రెండు బిగించండి. ఒక రోజంతా కదపవద్దు. జారుడు పట్టీ గాడిలోకి జిగురు పోతే సైజు ఇక జీవితాంతం అదే.

నిశాచరి
కొమ్మ విప్పితే పని సులువవుతుందేమో, కానీ స్క్రూలే కనబడటం లేదు.

టంకం_తాత
ప్యాడ్ ఊడదీయండి, ప్యాడ్ కిందే ఉంటాయి. అక్కడా లేకపోతే కప్పు మీది ఎడమ కుడి అని రాసిన స్టిక్కర్ కింద వేలితో నొక్కి చూడండి, గుంట తగులుతుంది.

నిశాచరి
స్టిక్కర్ కిందే ఉన్నాయి. కప్పుకు రెండు చొప్పున.